ఏడవని పిల్ల

పోయిన నెల మా వీధిలోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక చిన్న వయసు తల్లి, మూడు నెలల బిడ్డను భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది. "అక్కా, మావోడు ఎంత బుద్ధిమంతుడో! ఏడుపన్నదే తెల్వదు వీనికి" అని మురిసిపోతూ చెప్పింది. నేను చేస్తున్న పని వదిలేసి, చేతులు తుడుచుకుని బిడ్డను అందుకున్నాను. వాకిట్లో వెలుతురులోకి తీసుకుపోయి ముఖం చూశాను. వేలు అందిస్తే గట్టిగా పట్టుకున్నాడు. చిటిక వేస్తే కళ్లు తిప్పాడు. బోర్లా వేస్తే మెడ ఎత్తి నన్నే చూశాడు. వాడికి ఏ లోపమూ లేదు. కడుపు నిండిన బిడ్డ, అంతే. కానీ నా ముఖం చూసి ఆ అమ్మాయి బెదిరిపోయింది. అందుకని కూర్చోబెట్టి, టీ పెట్టి ఇచ్చి, మా అనిత సంగతి చెప్పాను. ఆమెకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. అనితకు ఇప్పుడు ఎనిమిదేళ్లు నిండాయి. భయపడే రోజులు వెనకబడ్డాయి గనుక ఇప్పుడు రాయగలుగుతున్నాను.

డెబ్బై ఏడు శ్రావణంలో, మా పుట్టిల్లు కోహీర్‌లో అనిత పుట్టింది. చెప్పిన రోజులు దాటిపోయాక పుట్టింది. బరువైన బిడ్డ. ఒంటికి పసుపు రంగు తేలి, అది తొందరగా పోలేదు. "ఎండ పొడ చూపిస్తే పోతది" అంది మా అమ్మ. రోజూ చూపించింది. మెల్లగా పోయింది. మూడో నెలలో జహీరాబాద్ తీసుకొచ్చాను. నేను ప్రైమరీ స్కూల్లో టీచరును. మా ఆయన విఠల్ కరెంటాఫీసులో పని చేస్తారు. నా సెలవు అయిపోవడంతో బిడ్డను చూసుకోవడానికి మా అత్తమ్మ న్యాల్‌కల్ నుంచి వచ్చి మాతో ఉంది.

అనిత ఎప్పుడూ నిద్రపోయేది. పాలకు లేపాలంటే అరికాళ్లు గోకాలి, చెవులు నలపాలి. లేచినా కాసేపు చప్పరించి మళ్లీ కళ్లు మూసేది. పాలు పెదవి చివర నుంచి కారిపోయేవి. నాలుక కొంచెం బయటికే ఉండేది. పొట్ట ఉబ్బెత్తుగా, బొడ్డు పైకి పొడుచుకుని వచ్చి ఉండేది. విరేచనం నాలుగైదు రోజులకొకసారి అయ్యేది. పాదాలు ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా తగిలేవి. ఎప్పుడైనా ఏడిస్తే ఆ గొంతు జలుబు చేసిన పెద్దవాళ్ల గొంతులా బొంగురుగా వచ్చి వెంటనే ఆగిపోయేది.

ఇవన్నీ ఇప్పుడు వరుసగా రాస్తుంటే ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో! అప్పుడు మాకు ఒక్కటే కనిపించింది: నెమ్మదైన పిల్ల.

"నేను ఐదుగురిని కన్న. ఒక్కడన్న గిట్ల నిమ్మళంగ ఉండెనా? నన్ను తిననియ్యలే, పండనియ్యలే" అని అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. "ఇది మా ఇంటి అదృష్టం. దిష్టి పెట్టకుండ్రి."

మా పక్కింట్లో ఫాతిమా ఉండేది; అక్క వరస కలిపి ఆపా అని పిలిచేదాన్ని. ఆమె కొడుకు ఖలీల్ కూడా అనిత పుట్టిన నెలలోనే పుట్టాడు. చలికాలం మధ్యాహ్నాలు ఇద్దరినీ ఒకే చాప మీద ఎండలో పడుకోబెట్టేవాళ్లం. దసరా నాటికే ఖలీల్ తల నిలిపాడు. ఆ తర్వాత పక్కకు దొర్లడం నేర్చాడు. ఒక ఆదివారం దొర్లుతూ వచ్చి అనిత చేతిని పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. అనిత చేయి లాక్కోలేదు. వాడివైపు చూడలేదు. పక్కన పెట్టిన దిండు ఎలా ఉందో తనూ అలాగే ఉంది.

ఆపా వాడిని విడిపించి ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నా చేయి పట్టుకుంది.

"సుజాతా, గుస్సా కాకు. నీ బిడ్డ నాకు బిడ్డ లెక్కనే, గందుకే చెప్తున్న. జర డాక్టర్‌కు చూపియ్యి. మా ఖలీల్ నా గాజులు గుంజుతున్నడు, ముక్కు గుంజుతున్నడు. అనిత కండ్ల ముందల చెయ్యి ఊపితే గూడ చూస్తలేదు."

నాకు కోపమే వచ్చింది. బిడ్డను ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. కానీ లోపలికి వచ్చాక నేనూ చేయి ఊపి చూశాను. గరిటెతో గిన్నె మీద కొట్టి చూశాను. అనిత కళ్లు తెరిచే ఉన్నాయి. ఎక్కడికో చూస్తున్నాయి.

బజారులో ఒక ముసలి డాక్టరు గారు ఉండేవారు. మొదటిసారి టానిక్ ఇచ్చి, కొందరు పిల్లలు ఆలస్యంగా పుంజుకుంటారని ధైర్యం చెప్పి పంపారు. పది పదిహేను రోజులు పోయాక మళ్లీ వెళితే బల్ల మీద పడుకోబెట్టి, చేతులు పట్టుకుని మెల్లగా పైకి లేపారు. తల వెనక్కి వేలాడిపోయింది. ఆయన వెంటనే అరచేత్తో తలను పట్టి పడుకోబెట్టారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, ఇది నాకు అర్థమైతలేదు. తెల్వని దానికి మందు రాసుడు నాకు ఇష్టముండదు. హైదరాబాద్‌ల పిల్లల పెద్ద దవాఖానకు పొండి. ఆలస్యం చెయ్యకుండ్రి" అన్నారు.

తెలియదని ఒప్పుకున్న ఆ పెద్దమనిషికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆయన ఇంకో టానిక్ రాసి ఉంటే, ఇంకో రెండు నెలలు గడిచిపోయేవి.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవే అయింది. "పిల్ల ఏడిస్తె రోగమంటరు, నిమ్మళంగ ఉన్నా రోగమేనా? మీ సదువులు మంట్ల గలువ" అని అత్తమ్మ మూతి ముడుచుకుంది. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోయారు. "నెలాఖరుకు లీవు దొరుకుతది, అప్పుడు పోదాం" అన్నారు.

"నేను రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోత" అన్నాను. "మీరొస్తే మంచిదే. రాకుంటే నేనొక్కదాన్నే పోత."

పొద్దున నేను బిడ్డకు టోపీ కడుతుంటే ఆయన సంచీ అందుకున్నారు. బస్టాండు దాకా ముందు నడిచారు.

ఆ దవాఖాన వసారా ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఫినాయిల్ వాసన, పొడుగాటి బల్లలు, ఆ బల్లల నిండా ఒళ్లో పిల్లలతో తల్లులు. ఆ వసారాలో ఎన్ని ఏడుపులు! నా ఒళ్లో మాత్రం చప్పుడు లేదు. నా పక్కన కూర్చున్నావిడ పాలమూరు వైపు నుంచి వచ్చింది. ఆమె ఒళ్లో ఉన్న బాబుకు ఐదారేళ్లుంటాయి, తల నిలవక తల్లి మోచేతి మీద వాలి ఉంది. ఆమె మూట విప్పి జొన్నరొట్టె తుంచి, వెల్లుల్లి కారంతో నా చేతిలో పెట్టింది. వద్దన్నాను.

"తిను బిడ్డా. పిలిచేసరికి పొద్దు గూకుతది" అంది. అనిత ముఖం మీద దుమ్ము పడకుండా తన కొంగు కప్పింది. "నువ్వు జల్ది తెచ్చినవ్. నేను జర ఆలస్యం చేసిన. అప్పుడు నాకు చెప్పేటోళ్లు లేకుండె."

ఆమె పేరు అడగలేదు. తర్వాత ఎప్పుడూ కనిపించలేదు. ఆ రొట్టె తిన్నాకే నాకు లేచి నిలబడే సత్తువ వచ్చింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అనిత వైపు తేరిపార చూసింది. నాలుక చూసింది, పొట్ట తడిమింది, పాదాలు తన అరచేతుల్లోకి తీసుకుంది. అరికాలి మీద చిన్నగా తట్టింది. అనిత బొంగురుగా మూలిగింది.

"ఈ పాప ఏడుపు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

పుట్టినప్పటి నుంచి మా బిడ్డ ఏడుపు గురించి అడిగిన మొదటి మనిషి ఆమే. జవాబు చెప్పబోయి నేనే ఏడ్చేశాను.

రక్తం తీశారు. మోకాలికి ఎక్స్‌రే తీశారు. నరాల రోగమేమో అని నేను భయపడుతుంటే మోకాలి ఫోటో ఎందుకో అర్థం కాలేదు. మా ఆయన స్నేహితుడి గదిలో కొన్ని రోజులు ఉండి, రక్తం సంగతి తేలాక మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ ఆ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి చూపింది. ఈ వయసుకు మోకాలి దగ్గర కనిపించాల్సిన చిన్న ఎముక ఇంకా కనిపించడం లేదట. మెడలో ఒక చిన్న గ్రంథి ఉంటుందట, థైరాయిడ్ అంటారు. మా బిడ్డకు అది పుట్టుకతోనే సరిగ్గా పని చేయడం లేదట. దాని రసం అందకపోతే ఎముక పెరగదు, కండ బిగవదు, మెదడు ఎదగదు.

"రోజూ ఒక చిన్న గోలీ నలిపి ఇవ్వాలి. జీవితాంతం ఇవ్వాలి" అంది.

"బాగైతదా మేడం?" అని మా ఆయన అడిగారు.

"ఒళ్లు కోలుకుంటుంది. అందులో నాకు అనుమానం లేదు. తెలివి సంగతి మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను. మెదడు కట్టుకునే కాలం ఇదే. ఐదు నెలలు పోయాయి. ఇక ఒక్క రోజు కూడా పోనివ్వకండి."

బయటికి వచ్చాక మా ఆయన కుళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నారు. తుడుచుకుని మళ్లీ కడుక్కున్నారు. నేను బిడ్డను ఎత్తుకుని పక్కనే నిలబడ్డాను. చివరికి ఆయన తడి ముఖంతోనే అనితను అందుకుని, "రా బిడ్డా, గోలీలు కొనుక్కుందాం" అన్నారు.

ఆ గోలీలు జహీరాబాద్‌లో దొరికేవి కావు. అయిపోవచ్చే సమయానికి, హైదరాబాద్ బస్సు కండక్టర్ యాదగిరి తెచ్చి బస్టాండులో ఇచ్చేవాడు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నేను రోజూ పొద్దున్నే గోలీని చెంచాలో నలిపి, పాలలో కలిపి నాలుక మీద వేసేదాన్ని. మొదట ఏ తేడా తెలియలేదు. తర్వాత పాదాలు వెచ్చబడ్డాయి. మలబద్ధకం పోయింది. కళ్లు నా ముఖం మీద నిలవసాగాయి.

ఒకరోజు పొద్దున బడికి తయారవుతూ పాలకు ఆలస్యం చేశాను. లోపలి నుంచి ఒక కేక వినిపించింది. బొంగురు గొంతు కాదు. కోపంతో, నిండు ఊపిరితో వచ్చిన కేక. మొదట ఖలీల్ అనుకున్నాను. ఫాతిమా ఆపా కూడా అలాగే అనుకుని బయటికి వచ్చి, వాడు తన చంకలోనే ఉన్నాడని చూసుకుని, మా ఇంట్లోకి ఉరికి వచ్చింది.

"ఎవరు సుజాతా, ఏడుస్తున్నది?"

"మా అనిత!" అన్నాను. నాకు నవ్వు, ఏడుపు రెండూ వస్తున్నాయి. పాలు ఇవ్వడం కూడా మరిచిపోయి ఇద్దరం మంచం పక్కన నిలబడి ఆ ఏడుపు విన్నాం. అనిత ముఖం ఎర్రబడింది. కాళ్లు తన్నుకుంది. ఆ కాళ్లు అంత జోరుగా కదలడం కూడా అప్పుడే చూశాను.

అత్తమ్మ మాత్రం వాకిట్లో కూర్చుని, "చూసిన్రా! మంచిగ పండుకునే పిల్లకు గోలీలు ఇచ్చి నిద్ర లేకుంట చేసిన్రు" అని గొణిగింది.

ఆ ఎండాకాలమంతా ఇల్లు ఒక బడిలా నడిచింది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ బోర్లా వేసి ముందు గాజులు ఆడించేదాన్ని, తల ఎత్తడానికి. మా ఆయన గంపలో పాత బట్టలు కుక్కి, మధ్యలో అనితను కూర్చోబెట్టి, ఆ గంపను తనతోపాటు ఇల్లంతా తిప్పేవారు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు గంప, అన్నం తినేటప్పుడు కంచం పక్కన గంప. మెడ నిలిచింది. వానలు మొదలయ్యే నాటికి, గంప లేకుండా నేల మీద కూర్చుని పడిపోకుండా నవ్వేది.

సరిగ్గా అప్పుడే నాకు పచ్చకామెర్లు వచ్చాయి. లేచి నిలబడలేకపోయాను. బిడ్డకు అంటుతుందని భయపడి, అత్తమ్మ వెంట అనితను న్యాల్‌కల్ పంపాం. గోలీల సీసా మూటలో పెట్టి, ఎలా ఇవ్వాలో చూపించి పంపాను. అనిత మొదటి పుట్టినరోజు నేను లేకుండానే గడిచిపోయింది.

అంతా కలిపి నెల రోజులు పంపాలనుకున్నాం. ఆ నెల నిండకముందే ఒక మధ్యాహ్నం, వానలో తడిసి, అత్తమ్మ వాకిట్లో నిలబడింది. చంకలో అనిత. ఆ పిల్ల ఆమె భుజం మీద వాలిపోయిన తీరు చూడగానే నాకు తెలిసిపోయింది.

"గోలీలు నేను బందు చేసిన" అంది అత్తమ్మ. ఇంట్లోకి కూడా రాలేదు. వానలోనే నిలబడి చెప్పింది. "పసిపిల్ల నెత్తుర్ల రోజూ మందు కలుపుతుంటే నా పానం ఒప్పలే. మంచిగైంది గద, ఇంకెందుకనుకున్న. మొదలు మంచిగనే ఉండె. తర్వాత నవ్వుడు మానేసింది. కూసోబెడితే ఒరిగిపోతున్నది. గిన్నె కొట్టిన, చూడలే. నా వల్లనే ఆగమైంది విఠలా. నన్ను తర్వాత తిట్టు. ముందుగాల దవాఖానకు పోదాం పా."

మా ఆయన తల్లి మీద ఎన్నడూ గొంతు ఎత్తని మనిషి. ఆ రోజు ఎత్తారు. ఆమె కొంగుతో బిడ్డ తల తుడుస్తూ నిలబడింది. నాకు అరిచే ఓపిక లేదు. బిడ్డ పాదాలు పట్టుకుని చూశాను. చల్లగా ఉన్నాయి.

నేను ప్రయాణం చేయలేనని మా ఆయన, అత్తమ్మ వెళ్లారు. అక్కడ జరిగింది ఆయన తర్వాత చెప్పారు. డాక్టరమ్మ కోప్పడుతుందని అత్తమ్మ తల వంచుకుని నిలబడిందట. ఆమె కోప్పడలేదు. అంతా విని, "ఆపితే ఏమవుతుందో మీ కళ్లతో చూసింది మీరొక్కరే. అందుకని ఇకమీదట గోలీ మీ చేత్తోనే వేయండి. ఇంకెవరికీ వదలకండి" అందట.

అత్తమ్మ ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. పొద్దున లేవగానే, తను టీ తాగకముందే, చెంచా, గోలీ, పాలు. పండగైనా అంతే, పెళ్లికి పోయినా అంతే. నేను వేస్తానంటే, "నీకు బడికి ఆలస్యమైతది పో" అని చెంచా ఇచ్చేది కాదు. నెల తిరిగేసరికి అనిత మళ్లీ కూర్చుంది. అత్తమ్మ గిన్నె మీద కొడితే అటు తిరిగి చూసింది. ఆ రోజు అత్తమ్మ వీధిలో ప్రతి ఇంటికీ పోయి చెప్పి వచ్చింది.

అనిత పాకలేదు. కూర్చునే జరుగుతూ ఇల్లంతా తిరిగేది. ఖలీల్ అప్పటికి పరుగులు తీస్తున్నాడు. వాడిని చూసి మా పిల్ల గోడ పట్టుకుని లేవడం మొదలుపెట్టింది. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఒక ఉదయం, అత్తమ్మ వాకిట్లో తడి బట్ట మీద వడియాలు పెట్టి, కాకుల్ని తోలుతూ కూర్చుంది. ఆ వడియాల జోలికి పోతే మా ఆయనకే మర్యాద దక్కేది కాదు. అనిత గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. నేను లోపల తల దువ్వుకుంటున్నాను.

"సుజాతా! సప్పుడు చెయ్యకుంట రా" అని అత్తమ్మ పిలిచింది.

వచ్చి చూశాను. అనిత గుమ్మం వదిలేసింది. చేతులు రెండూ పక్కలకు చాపి, ఊగుతూ, నాయనమ్మ వైపు నడుస్తోంది. మధ్యలో వడియాల బట్ట. పచ్చి వడియాల మీద అడుగు పడింది, జారింది, నిలదొక్కుకుంది. ఇంకో అడుగు పడింది. నేను పట్టుకోబోతే అత్తమ్మ చేయి అడ్డం పెట్టింది.

"తొక్కనియ్యి! తొక్కు బిడ్డా, ఇంకా తొక్కు! అన్నీ తొక్కు!"

అన్నీ తొక్కి, పిండి పాదాలతో నాయనమ్మ ఒళ్లో పడింది.

మాటలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. కానీ వచ్చాక ఆగలేదు. బడికి పంపేటప్పుడు, తెలివి గురించి డాక్టరమ్మ ఇవ్వలేనన్న మాట నా గుండెల్లో ముల్లులా ఉండేది. రెండు మూడు నెలలకొకసారి చూపించడానికి వెళ్లేవాళ్లం. ఆరేళ్ల వయసులో అనిత అదే వసారాలో, అదే బల్ల మీద కూర్చుని, గోడ మీది బోర్డు వైపు చూసి గొంతెత్తి చదివింది: "ని-శ్శ-బ్ద-ము-గా ఉం-డ-వ-లె-ను!" వసారా అంతా గొల్లున నవ్వింది. డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. "ఇంకోసారి చదువు" అంది. అనిత ఇంకా గట్టిగా చదివింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. అప్పుడు ఇవ్వలేకపోయిన మాట ఆ చూపులో ఇచ్చేసింది.

అన్నీ సరిపోయాయని అబద్ధం చెప్పను. లెక్కలు దానికి నిదానంగా ఎక్కుతాయి. సన్నని సూదిలో దారం ఎక్కించాలంటే విసుగు వస్తుంది. గోలీ ఇప్పటికీ వేసుకుంటుంది, ఎప్పటికీ వేసుకోవాలి. బిడ్డ ఎదుగుదలలో ఏ తల్లికైనా అనుమానం కలిగితే ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారోనని ఆగవద్దు. తల నిలపలేదని, చూపు నిలపలేదని, ఏడుపు బొంగురుగా ఉందని సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. మందు మొదలుపెడితే డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఆపేవాళ్లు చెడ్డవాళ్లు కారు, ప్రేమతోనే ఆపుతారు. వాళ్ల చేతికే చెంచా ఇచ్చి చూడండి.

మొన్నటి చలికాలం, చెరుకు బండ్లు ఊరంతా తిరిగే రోజుల్లో, ఒక సాయంత్రం బండి తోలే మనిషి ఒకడు రొప్పుతూ మా గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నీలం గౌను పిల్ల మీ ఇంటిదేనా? కదిలే బండిల నుంచి చెరుకు గుంజుకొని ఉరికింది. జర బుద్ధి చెప్పుండ్రి."

నేను క్షమించమని అడగబోయేలోపే అత్తమ్మ లోపలి నుంచి వచ్చింది.

"నువ్వు ఎంబడి పడలేదా?"

"పడ్డ అవ్వా. సందు మూల దాక ఉరికిన."

"మరి దొరకలేదా?"

"యాడ దొరుకుతది! గాలి లెక్క పోయింది."

అత్తమ్మ అరుగు మీద చాప పరిచి అతన్ని కూర్చోబెట్టింది. నీళ్లు ఇచ్చింది. నన్ను టీ పెట్టమంది. తనూ అతని ఎదురుగా కూర్చుని, కొంగు సర్దుకుంది.

"ఇగ ఇప్పుడు నిమ్మళంగ, మొదటి నుంచి చెప్పు బిడ్డా" అంది. "మా పిల్ల ఎట్ల ఉరికింది?"